ఏ పరిశ్రమకు ఆ పలుకు

(మైనారిటీ యువ వ్యాపారులు, సామాజిక కార్యకర్తల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

 

నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం పేరు కొంచెం బరువైనదే. 'వర్ధమాన విపణిలో వివిధ పరిశ్రమలకు తగిన పౌరసంబంధాల రూపకల్పన' అని కార్డు మీద అచ్చువేశారు. అది చదివి, ఇదేదో పెద్ద కంపెనీల వ్యవహారం, మనకేమి పని అని కొందరికి అనిపించి ఉండవచ్చు. కానీ ఈ హాలులో కూర్చున్నవారిని చూస్తున్నాను. చిన్న దుకాణాలు నడిపేవారున్నారు, ఆసుపత్రులలోనూ పాఠశాలలలోనూ పనిచేసేవారున్నారు, బస్తీలలో తిరిగే కార్యకర్తలున్నారు, ఇంటి డబ్బు లెక్క చూసుకునే తల్లులున్నారు. మీలో కొందరు రేపు ఏదో ఒక వృత్తి తరఫున ప్రజలతో మాట్లాడవలసి వస్తుంది. మిగిలినవారితో రోజూ పది పరిశ్రమలు మాట్లాడుతూనే ఉంటాయి. కాబట్టి ఈ విషయం రెండు వైపుల నుంచీ మీదే.

పౌరసంబంధాలు అన్న మాట మన తెలుగువారికి ఎక్కువగా ప్రభుత్వ శాఖ పేరుగానే పరిచయం. జిల్లా కేంద్రంలో ఒక కార్యాలయం, గోడ మీద మంత్రిగారి ఫొటో, విలేకరులకు పంచే ప్రకటన కాగితం గుర్తుకొస్తాయి. దాని అసలు అర్థం అంతకన్నా విశాలమైనది. ఒక సంస్థ వల్ల ఎవరి జీవితం ప్రభావితమవుతుందో వారితో ఆ సంస్థ నడిపే సంభాషణ అది. ప్రకటనకు డబ్బిచ్చి స్థలం కొనుక్కోవచ్చు. ఈ సంభాషణకు అవతలివారి నమ్మకం కావాలి, దానికి ధర కట్టే కొట్టు ఎక్కడా లేదు.

ఇక వర్ధమాన విపణి. ఆర్థికవేత్తల నిర్వచనాలను పక్కన పెట్టి నాకు అర్థమైనది చెబుతాను. కొత్త సరుకు ముందు వచ్చి, దానిని అదుపు చేసే చట్టం వెనకగా వచ్చే చోటు అది. ఇంట్లో మొదటిసారి బీమా తీసుకునేవారు, మొదటిసారి షేర్ల మాట వినేవారు, మొదటిసారి ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కేవారు అక్కడ కోట్లలో ఉంటారు. వారికి పోల్చుకోవడానికి పాత అనుభవం ఉండదు. అందుచేత మాట్లాడేవారి మాటకు ఇక్కడ ఎక్కువ బలం ఉంటుంది, అంతే ఎక్కువ బాధ్యత కూడా ఉండాలి. మన దేశం అటువంటిదే.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లో చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. అంతకుముందు ఇళ్ళ స్థలాల వెంచర్ ఒకటి ప్రారంభోత్సవం చేయించి మంచి పేరు తెచ్చుకున్నాను. సినిమా నటుడు వచ్చాడు, సంపాదకులకు విందు పెట్టాం, రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కట్టాం, ప్లాట్లు అమ్ముడయ్యాయి. కొన్ని నెలలకే ఒక ప్రైవేటు ఆసుపత్రి పాతబస్తీలో శాఖ తెరుస్తూ నన్ను పిలిచింది. నేను అదే జాబితా తీశాను. అదే నటుడు, అదే విందు, అవే ఫ్లెక్సీలు. జనం వచ్చారు, నటుణ్ణి చూసి వెళ్ళారు. నెల గడిచినా ఓపీ గది ఖాళీగానే ఉంది. కారణం తెలుసుకుందామని వీధిలోకి వెళ్ళినప్పుడు ఒక వృద్ధురాలు నా చేతిలోని రంగుల కరపత్రం తీసుకుని తిప్పి తిప్పి చూసింది. 'ఫీస్ కిత్తా బేటా?' అంది. తరువాత, 'లేడీ డాక్టర్ ఉందా? ఏ వేళలో కూర్చుంటుంది?' అని అడిగింది. ఎనిమిది పేజీల ఆ కరపత్రంలో ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేదు. విదేశీ యంత్రాల ఫొటోలు మాత్రం చక్కగా ఉన్నాయి.

స్థలం కొనేవాడు ఆశతో వస్తాడు, ఆసుపత్రికి వచ్చేవాడు భయంతో వస్తాడు. ఈ చిన్న తేడా తెలియడానికి నాకు ఒక ఆసుపత్రి ఖర్చయింది. అప్పటి నుంచి ఏ పరిశ్రమ పని చేపట్టినా ముందుగా రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ పరిశ్రమ తప్పు చేస్తే దెబ్బ ఎవరికి తగులుతుంది? తగిలిన సంగతి వారికి ఎంతకాలానికి తెలుస్తుంది? బిర్యానీ పాడైతే ఆ రాత్రే తెలుస్తుంది. రసాయన కర్మాగారం తప్పు చేస్తే కొన్ని నిమిషాల్లో తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది ఉండదు. డిపాజిట్ తీసుకున్న సంస్థ మోసం తెలియడానికి పదేళ్ళు పట్టవచ్చు. టీకా సంగతి మరీ విచిత్రం, అది సరిగ్గా పనిచేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. ఈ నాలుగింటికీ ఒకే రకం ప్రచారం ఎలా సరిపోతుంది?

టీకా మాట వచ్చింది కాబట్టి మనం గర్వంగా చెప్పుకోదగిన ఒక చరిత్ర గుర్తు చేస్తాను. 2002లో మన దేశంలో 1,600 పోలియో కేసులు నమోదయ్యాయి. అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోనివే. వాటిలో ముస్లిం పిల్లల వాటా జనాభాలో మన వాటా కంటే చాలా ఎక్కువ. చుక్కల మందు వేస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదన్న పుకారు పశ్చిమ ఉత్తరప్రదేశ్ మొహల్లాలలో గట్టిగా పాతుకుపోయింది. ప్రభుత్వం దగ్గర టీవీ ప్రకటనలకు కొరత లేదు, సినీ తారలకూ కొరత లేదు. తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

తలుపులు తెరిపించినది ఏమిటి? యూనిసెఫ్, స్వచ్ఛంద సంస్థలు కలిసి అదే వీధిలో నివసించే స్త్రీలను సమన్వయకర్తలుగా తీసుకున్నాయి. ఏ ఇంట్లో ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో వారు పుస్తకంలో రాసుకునేవారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్దర్ద్ తమ పేరు, తమ మనుషులను ఇచ్చాయి. ఇమాములు మసీదు మైకులో ప్రకటించారు. ఇవన్నీ సాధారణంగా చెప్పేవే. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది వేరొకటి ఉంది. చాలా ఇళ్ళలో వినిపించిన అభ్యంతరం పుకారు గురించి కాదు. 'మా మురుగు కాలువ శుభ్రం చేయడానికి ఎవరూ రారు, పిల్లవాడికి విరేచనాలైతే మందు ఇవ్వడానికి ఎవరూ రారు, ఈ రెండు చుక్కలకే ఇన్నిసార్లు ఎందుకొస్తున్నారు?' అన్నది వారి ప్రశ్న. అందులో తప్పేముంది? 2009లో రూపొందిన 107 బ్లాకుల ప్రణాళిక ఈ ప్రశ్నను గౌరవించింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని 66 బ్లాకులు, బిహార్ కోసీ నదీ ప్రాంతంలోని 41 బ్లాకులను ఎంచుకుని, చుక్కలతోపాటు విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింకు మాత్రలు, పారిశుధ్యం, తల్లిపాల గురించిన సలహా కలిపి అందించారు. 2009లో 741గా ఉన్న కేసులు 2010లో 42కు తగ్గాయి. 2011 జనవరి 13న హావ్‌డా జిల్లాలో ఒక పాపకు వచ్చినదే చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితమని ధ్రువీకరించింది. టీకా నాణ్యత పెరగడం కూడా ఇందుకు కారణమే, ఆ సంగతి దాచకూడదు. కానీ ఎంత మంచి టీకా అయినా తలుపు తెరవని ఇంట్లో పనిచేయదు.

ఆరోగ్య రంగంలో పనిచేయదలచినవారు మరో సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ ఏమి మాట్లాడకూడదో చట్టమే చెబుతుంది. వైద్యుడి చీటీతో మాత్రమే అమ్మవలసిన మందును నేరుగా ప్రజలకు ప్రచారం చేయడానికి వీలులేదు. మధుమేహం వంటి అనేక వ్యాధులను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. అయినా 'షుగర్ శాశ్వతంగా మాయం' అన్న పోస్టర్ లేని గోడ మన ఊళ్ళలో ఉందా? వైద్యులకు కానుకలు, విహారయాత్రలు ఇవ్వరాదని 2024లో కేంద్రం మందుల కంపెనీలకు నియమావళి కూడా జారీచేసింది. యునానీ వైద్యం నడిపే మిత్రులు ఇద్దరు ముగ్గురు ఇక్కడ ఉన్నారు. మీ విద్యకు గొప్ప వారసత్వం ఉంది, మీ పేరు ఆ గోడ పోస్టర్ల సరసన చేరకుండా చూసుకోండి.

ఆహార పరిశ్రమ గురించి క్లుప్తంగానే చెబుతాను. ఇక్కడ వినియోగదారు అంటే తల్లి. ఆమె అడిగేది ఒక్కటే, 'నా బిడ్డకు పెట్టవచ్చా?' 2015 జూన్ 5న ఆహార భద్రతా ప్రాధికార సంస్థ మ్యాగీ నూడుల్స్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమని ఆదేశించింది. సీసం పరిమితి మించిందన్నది ఒక ఆరోపణ, ప్యాకెట్ మీద అజినోమోటో కలపలేదన్న మాట తప్పుదోవ పట్టిస్తున్నదన్నది మరొకటి. కంపెనీ ప్రయోగశాల ఫలితాల భాషలో జవాబిచ్చింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది, నవంబరులో సరుకు తిరిగి వచ్చింది. న్యాయస్థానంలో గెలిచిన కంపెనీ వంటింట్లో ఆ కొద్ది వారాల్లో ఓడిపోయింది. అంతకు పన్నెండేళ్ళ ముందు క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనిపించినప్పుడు ఆ సంస్థ మొదట దుకాణదారు నిల్వచేసే పద్ధతిని తప్పుపట్టింది. తరువాత దారి మార్చుకుని ప్యాకింగునే మార్చింది. అమితాబ్ బచ్చన్ ఆ తరువాతనే తెర మీదికి వచ్చారు. ఈ వరుస గమనించండి, ముందు కాగితం మారింది, ఆ తరువాత ముఖం వచ్చింది. మన హోటల్ యజమానులు చాలామంది ముఖం కోసం ముందు వెతుకుతారు.

ఇప్పుడు మనకు కొంచెం బాధ కలిగించిన సంఘటనల వైపు వెళతాను. 2019 హోలీకి ముందు సర్ఫ్ ఎక్సెల్ ఒక ప్రకటన తీసింది. నమాజుకు వెళ్ళవలసిన ఒక పిల్లవాడి మీద రంగు పడకుండా ఒక హిందూ పాప సైకిల్ మీద తీసుకువెళ్ళి మసీదు దగ్గర దింపుతుంది. బహిష్కరించాలన్న గోల లేచింది. ఆవేశంలో కొందరు పేరు పొరబడి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ యాప్‌కు ఒక్క నక్షత్రం రేటింగు ఇచ్చి తిట్టారు కూడా. ఆ ప్రకటనను సంస్థ వెనక్కి తీసుకోలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో తనిష్క్ నగల సంస్థ ముస్లిం అత్తింట్లో హిందూ కోడలికి సీమంతం చేస్తున్నట్టు ఒక ప్రకటన ఇచ్చింది. అదే గోల లేచింది. తనిష్క్ మాత్రం కొద్ది రోజుల్లోనే ఉపసంహరించుకుంది. మన పత్రికలలో అప్పుడు ఒక సంస్థ ధైర్యం గురించి, ఇంకొక సంస్థ పిరికితనం గురించి చాలా రాశారు.

నేను ఇంకొక కోణం చూపిస్తాను. బట్టల సబ్బుకు సొంత దుకాణం లేదు. అది లక్షల కిరాణా కొట్లలో, పది ఇతర సరుకుల మధ్య ఉంటుంది. దాని మీద కోపం వచ్చినవాడు రాయి ఎక్కడ వేస్తాడు? నగల సంస్థకు ప్రతి ఊరిలో అద్దాల షోరూము ఉంది, గుమ్మంలో చేతులు జోడించి నిలబడిన అమ్మాయి ఉంది. తనిష్క్ ఇచ్చిన వివరణలో తమ సిబ్బంది, దుకాణాల క్షేమాన్ని ప్రస్తావించింది. అది నిజమైన భయమే అని నేను నమ్ముతాను. అయితే ఆ భయం ప్రకటన తీయడానికి ముందే లెక్కలోకి రావలసింది. షోరూమున్న పరిశ్రమ ఒక పెద్ద మాట మాట్లాడదలచినప్పుడు ముందుగా తన మేనేజర్లకు చెప్పాలి, పోలీసులతో మాట్లాడాలి, గోల లేస్తే ఎవరు ఏమి జవాబివ్వాలో రాసిపెట్టుకోవాలి. ఆ తరువాతే మాట్లాడాలి. సన్నాహం లేకుండా మాట్లాడి వెనక్కి తగ్గినందువల్ల ఎవరి పక్షాన మాట్లాడారో వారికే ఎక్కువ నష్టం జరిగింది. అసలు ఆ మాటే తప్పన్నట్టు అయింది. మన హైదరాబాదు కరాచీ బేకరీని చూడండి. దేశ విభజన వేళ ఇక్కడికి వచ్చిన సింధీ హిందూ కుటుంబం పెట్టిన దుకాణం అది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తరువాత బెంగళూరు శాఖ తన బోర్డు మీద కరాచీ అన్న పదాన్ని గుడ్డతో కప్పి, జాతీయ పతాకం కట్టుకోవలసి వచ్చింది. బోర్డు ఉన్నవాడి కష్టం బోర్డు ఉన్నవాడికే తెలుస్తుంది. మీలో దుకాణదారులే ఎక్కువ కాబట్టి ఇంతసేపు దీని మీద నిలబడ్డాను.

సాఫ్ట్‌వేర్ సంస్థల సంగతి నేను ఎక్కువ చెప్పను. వారి శ్రోతలు విదేశీ ఖాతాదారులు, మదుపరులు, ఉద్యోగాల కోసం చూసే విద్యార్థులు. 2009 జనవరి 7న సత్యం లెక్కల బాగోతం బయటపడిన తరువాత వారందరి మాటల్లో లెక్కల పారదర్శకత అన్న పదం చేరింది.

గనులు, కర్మాగారాల విషయం అలా దాటవేయడానికి వీల్లేదు. మన పార్వతీపురానికి ఆవల, ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియంగిరి కొండలున్నాయి. అక్కడి బాక్సైట్ కోసం వేదాంత సంస్థ చాలాకాలం ప్రయత్నించింది. 2012లో అది 'క్రియేటింగ్ హ్యాపీనెస్' పేరుతో దేశమంతటా అందమైన టీవీ ప్రకటనలు వేసింది. నగరాల్లో వాటిని చూసి మెచ్చుకున్నవారు లేకపోలేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండల మీద నిర్ణయం గ్రామసభలదే అని తీర్పిచ్చింది. ఆ వేసవి గడిచాక న్యాయమూర్తి సమక్షంలో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. డోంగ్రియా కోంధుల కొండవాగుకు, కొండదేవుడికి సంబంధించిన ప్రశ్నకు ఢిల్లీ టీవీలో జవాబు ఎలా దొరుకుతుంది? డబ్బంతా ఓటు లేనివారి మెప్పు కోసం ఖర్చయింది.

విశాఖలో జరిగినది ఇంతకన్నా దారుణం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ప్రమాద సమయంలో సైరన్ మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనలలో ఒక నియమం ఉంది. చుట్టుపక్కల నివసించేవారికి ప్రమాద స్వభావం ఏమిటో, అది జరిగితే ఏమి చేయాలో, ఏమి చేయకూడదో కర్మాగార యాజమాన్యం ముందే తెలియజేయాలి. నా దృష్టిలో రసాయన పరిశ్రమకు పౌరసంబంధాలంటే మొట్టమొదట అదే. ఉగాదికి పంచే క్యాలెండరు, పాఠశాలకు కట్టించే మరుగుదొడ్డి తరువాతి విషయాలు. కర్మాగారం గోడ పక్కన ఉండే బస్తీలలో పనిచేసే కార్యకర్తలు ఈ సమాచారాన్ని అడిగి తీసుకోండి. చాలా పారిశ్రామికవాడల చుట్టూ గోడలకు ఆనుకుని ఉన్నది పేదల ఇళ్ళే, అందులో మన ఇళ్ళూ ఉన్నాయి.

చివరకు ఆర్థికరంగానికి వస్తున్నాను. ఇక్కడికి రావడానికే ఇంతసేపు తిరిగాను అని కూడా అనుకోవచ్చు.

మా ఖాలా గుంటూరులో ఉండేది. భర్త పోయాక మిగిలిన నగలు అమ్మి కొంత డబ్బు చేతిలో పెట్టుకుంది. వడ్డీ హరామ్ కాబట్టి బ్యాంకులో వేసినా వడ్డీ ముట్టేది కాదు. ఒక సెలవు రోజున నేను వెళ్ళినప్పుడు ఒక కరపత్రం తెచ్చి చూపించింది. ఒక వ్యాపార సంస్థ, వడ్డీ లేదు, లాభంలో వాటా, నెలనెలా ఇంటికే. తెలుగు లిపిలో, మా ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూ మాటలు కలిపి రాశారు. పై భాగంలో దువా, కింద ఆడవారికి ప్రత్యేక కౌంటరు, వారిని చూసుకోవడానికి ఆడ ఉద్యోగులు. పాతబస్తీ ఆసుపత్రి కరపత్రంలో నేను చేసిన తప్పు ఒక్కటీ అందులో లేదు. వృత్తి కన్నుతో చదివాను. 'చాలా బాగా రాశారు ఖాలా' అన్నాను. ఆమెకు అది 'పెట్టవచ్చు' అన్నట్టుగా వినిపించింది. రెండేళ్ళు డబ్బు వచ్చింది, ఆ తరువాత ఆ కార్యాలయానికి తాళం పడింది. ఆమె నన్ను ఒక్కనాడూ నిందించలేదు. 'నువ్వు చదివావు కదా బేటా' అని ఒకసారి మాత్రం అంది.

అది చిన్న సంస్థ. పెద్ద ఉదాహరణ మీ అందరికీ తెలిసినదే. బెంగళూరులో 2006లో మొదలైన ఐఎంఏ హలాల్ పెట్టుబడి పేరుతో పదుల వేల కుటుంబాల నుంచి డబ్బు తీసుకుంది. డిపాజిట్‌దారులు అనలేదు, భాగస్వాములు అంది. ఒక ప్రభుత్వ పాఠశాలను దత్తత తీసుకుని చక్కగా తీర్చిదిద్దింది. మతపెద్దలలో కొందరి మాటసాయం దానికి దొరికింది. 2019 జూన్‌లో దాని అధిపతి ఒక ఆడియో సందేశం వదిలి దేశం దాటాడు. మరునాడు శివాజీనగర్‌లో ఆ కార్యాలయం ముందు బుర్ఖాలలో నిలబడిన స్త్రీలను టీవీలలో చూసినప్పుడు నాకు మా ఖాలా గుర్తుకొచ్చింది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక సిగ్గుమాలిన సత్యం ఉంది. శ్రోతలకు తగినట్టు సందేశాన్ని మలచడమే మంచి పౌరసంబంధాలు అని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ కొలమానంతో చూస్తే ఐఎంఏ ప్రచారానికి నూటికి నూరు మార్కులు వేయాలి. సెబీ అజమాయిషీలో, షరియత్ నియమాల ప్రకారం వడపోసిన కంపెనీలలోనే మదుపు చేసే ఫండ్లు దేశంలో అప్పటికే ఉన్నాయి, టాటా ఎథికల్ ఫండ్ అటువంటిదే. వాటి సమాచారం ఇంగ్లీషులో, చిన్న అక్షరాలలో, మా ఖాలా ఎన్నడూ అడుగుపెట్టని కార్యాలయాలలో ఉండేది. 2017లో మొదలైన 'మ్యూచువల్ ఫండ్స్ సహీ హై' ప్రచారం ఇల్లిల్లూ చేరింది గాని, వడ్డీ విషయంలో సందేహమున్న ఇంటికి అది చెప్పిన సమాధానం ఏమీ లేదు. నిజాయితీగా నడిచే సంస్థలు మన వీధికి రావడానికి బద్ధకించాయి. మోసగాళ్ళు మన మాట నేర్చుకుని మరీ వచ్చారు.

రావాలనుకున్నవారు కూడా చాలాసార్లు తప్పు దారిలో వస్తారు. ముస్లింలకు చెప్పాలి అనగానే ఏజెన్సీ వారు ఉర్దూ లిపిలో కరపత్రం వేస్తారు. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలలో ఇంటి భాషే తెలుగు. కోస్తాలో, రాయలసీమలో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎందరో చదవగలిగింది తెలుగు లిపినే. ఈ పత్రిక తెలుగులో వెలువడడానికి కారణం కూడా అదే కదా. మా ఖాలా దగ్గరికి వచ్చిన కరపత్రం వేసినవారికి ఆ సంగతి తెలుసు.

కాబట్టి ఆర్థిక పరిశ్రమకు నేను పెట్టే నియమం ఇతర పరిశ్రమలకు పెట్టేదానికి తలకిందులు. సబ్బు గురించి చెప్పేటప్పుడు ముందు దాని గుణం చెప్పవచ్చు. డబ్బు తీసుకునేటప్పుడు ముందు నష్టం చెప్పాలి, అదీ అతి పెద్ద అక్షరాలలో, ఇంటి భాషలో. ఎవరి అనుమతితో డబ్బు తీసుకుంటున్నారు, ఆ అనుమతి ఎక్కడ సరిచూసుకోవచ్చు, డబ్బు వెనక్కి కావాలంటే ఎన్ని రోజులు పడుతుంది, మొత్తం పోయే అవకాశం ఉందా అన్నవి మొదటి పేజీలోనే రావాలి. ఇది కేవలం నా అభిప్రాయం కూడా కాదు. 2019లో వచ్చిన క్రమబద్ధం కాని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం అటువంటి పథకాలకు ప్రకటన ఇవ్వడాన్నీ, తప్పుడు మాటలతో అందులో చేరమని ప్రేరేపించడాన్నీ నేరంగా పరిగణిస్తుంది. అంటే కరపత్రం రాసే నావంటివాడు కూడా బాధ్యుడు కావచ్చు. మసీదు ఆవరణలో నిలబడి తెలిసీ అబద్ధపు హామీతో ఒక్క మంచి మాట చెప్పే పెద్దమనిషి కూడా. ఎవరైనా డిపాజిట్లు సేకరిస్తున్నారని అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు 2016లో ప్రారంభించిన 'సచేత్' పోర్టల్‌లో వెతకవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. ఈ ఒక్క పని మీలో ప్రతి కార్యకర్త నేర్చుకుని, తన వీధిలో పది ఇళ్ళకు చూపించాలని కోరుతున్నాను. పోలియో కాలంలో ఆ స్త్రీలు ఇంటింటికీ పుస్తకం పట్టుకుని తిరిగారు, మనకు ఇప్పుడు ఫోను ఉంది.

ఆ పాతబస్తీ ఆసుపత్రి ఏమయిందని ఇందాక ముందు వరుసలో ఒక సోదరి పక్కవారిని అడగడం వినిపించింది. కరపత్రం మళ్ళీ రాశాం. ఎనిమిది పేజీలు ఒక పేజీ అయింది. లేడీ డాక్టర్ పేరు, ఆమె కూర్చునే వేళలు, ఓపీ ఫీజు, రాత్రి ప్రసవానికి వస్తే ఏ గేటు తెరిచి ఉంటుంది, పేదలకు తగ్గింపు కావాలంటే ఎవరిని కలవాలి. ఫొటో ఒక్కటే, అదీ గేటుది. దాన్ని ఉర్దూలో ఒకవైపు, తెలుగులో మరొకవైపు అచ్చువేసి, ఆ వృద్ధురాలికి మొదటి కాపీ ఇచ్చాను. ఆమె మనవరాలు చదివి వినిపించింది. ఆదివారం ఉంటుందా ఉండదా రాయలేదేమని అడిగింది. మళ్ళీ అచ్చువేశాం.

సమయం మించిందని నిర్వాహకులు చేయి ఊపుతున్నారు. దుకాణాలు నడిపే మిత్రులు ముందుగా ప్రశ్నలు వేయండి, డిపాజిట్ల మీద ప్రశ్నలుంటే భోజనం తరువాత ఇక్కడే కూర్చుని, మీరు తెచ్చిన కాగితాలు ఒక్కొక్కటిగా చదువుదాం.